హనుమాండ్లు పుండు లోతు

పంజాగుట్టలోని ఆ ఆసుపత్రిలో కట్లు కట్టడంలో జీవమణి సిస్టరుకు ఎదురు లేదు. పద్దెనిమిదేళ్లుగా పుండు పొడవు, వెడల్పు కాగితం స్కేలుతో, లోతు దూదిపుల్లతో కొలిచి రాసేది. డాక్టర్లకు ఆమె అంకే వేదం.

2003 వేసవిలో, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్న ప్రమోద్ రెండు మామూలు వీడియో కెమెరాలను ఒక పట్టీకి బిగించి తెచ్చాడు. రెండూ చెరోవైపు నుంచి తీసిన బొమ్మలను కంప్యూటర్ కలిపి, పుండును ముట్టుకోకుండానే లోతు చెబుతుందట. వాటిని పట్టుకోవడానికి అతను అడిగింది జీవమణిని కాదు, నర్సుగా చేరి ఏడాదైనా కాని ఒలీవియాను.

అప్పట్నుంచి ఒలీవియా నవ్వినా జీవమణికి కంటగింపే. డాక్టర్లు కంప్యూటర్ చుట్టూ మూగితే, తను పక్క మంచం దగ్గర మడతపెట్టిన దుప్పటే మళ్లీ మడతపెట్టేది.

బోరబండ తాపీమేస్త్రీ హనుమాండ్లు పిక్కలో ఇనుప చువ్వ దిగింది. ఆ పుండు లోతు ఆరు మిల్లీమీటర్లని జీవమణి రాసింది. కెమెరాలు తొమ్మిదన్నాయి.

"ఏంటి, నా చెయ్యి అబద్ధం చెబుతుందా?"

"అలా కాదు సిస్టర్, ఇంకోసారి చూద్దాం," అన్నాడు ప్రమోద్.

హనుమాండ్లు నవ్వాడు. "అమ్మా, నేను అబ్బా అనంగనే నువ్వు ఆపుతవు. లోపల ఇంకా ఉంటది. గీ కెమెరా అయితే ముట్టనే ముట్టది."

మెచ్చుకోలుగానే అన్నాడు గానీ జీవమణికి చురుక్కుమంది. పళ్లు బిగించి, అతను మూలుగుతున్నా పుల్లను అడుగుదాకా దించి, చర్మం అంచున గోటితో పట్టుకుని బయటికి తీసి స్కేలు మీద పెట్టింది. తొమ్మిది. గోరు కాస్త కిందికి జరిపితే ఆరే. ఎవరికీ తెలియదు. ఎదురుగా ఒలీవియా కెమెరాలు పట్టుకుని నిలబడి ఉంది.

"తొమ్మిది," అంది జీవమణి.

మర్నాడే ఆపరేషన్ థియేటర్‌లో అడుగున దాగిన చీము తీసేశారు. నెల తిరిగేసరికి పుండు పూడింది. వెళ్లేరోజు హనుమాండ్లు ఒలీవియాకే ముందు దండం పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే జీవమణి ప్రమోద్ దగ్గరికెళ్లి, కెమెరా పట్టడం నేర్పమంది.

"నేర్పేది ఒలీవియానే సిస్టర్."

జీవమణి వెళ్లి ఒలీవియా పక్కన కుర్చీ లాక్కుంది.

"నేర్పు. పది రోజుల్లో నీకంటే బాగా పడతాను," అంది, ఆమె మొహం చూడకుండానే.