ప్రాసెసర్ల పందెమును సిద్ధాంతిగారి వర్జ్యమును

పుష్యమాసపు మంచు గోదావరీతరంగములపై దెల్లని దుప్పటివలె బఱచుకొని యుండ నావలి యొడ్డుననున్న రాజమహేంద్రవరము కంటికి గానరాక వంతెనపై బోవు రైలుబండి కూతచేతనే తన యునికిని జెప్పుకొనుచుండ స్నానఘట్టమున మునుగువారు నీటికన్న మున్ను చలిచేతనే శివశివా యని కేకలిడుచుండ గొవ్వూరి వీథులయందు గాఫీపరిమళములు గుమ్మములు దాటివచ్చి బాటసారుల ముక్కులు పట్టి యీడ్చుచుండ నా దినమున సూర్యభగవానుడు పంచాంగమున వ్రాసిన సమయమునకే పొడమెనో లేదో యెవ్వరికిని దెలియరాదయ్యెను. యజ్ఞనారాయణ సిద్ధాంతిగారు మాత్రము వీథియరుగుపై నిలిచి గడియారమును జూచి "ఉదయించినాడు" అని నిశ్చయముగా బలికి లోనికి బోయిరి. సూర్యుడు తమ మాట దాటడని వారికి గట్టినమ్మకము.

ఈ సిద్ధాంతిగారు తాతతండ్రులనాటినుండియు గోదావరికి రెండుదరులనున్న జనులకు దిథివారనక్షత్రములను సమకూర్చియిచ్చుచున్న పంచాంగకర్తలు. గడచిన యుగాదినాడు మన్యపు గొండలనుండి వచ్చిన రైతొకడు వారి పంచాంగమును జేతబట్టుకొని "అయ్యగారూ, ఇందలి సూర్యోదయము రాజమహేంద్రవరపు సూర్యోదయము గదా! మా యూరి సూర్యుడు మఱియొక వేళకు వచ్చును. మా సూర్యుని మాకు వ్రాసియిండు" అని వినయముగా నడిగెను. ఆ మాట సిద్ధాంతిగారి మనస్సున ముల్లువలె నాటుకొనెను. రాబోవు పంచాంగమున దెలుగునేలనున్న ప్రతిగ్రామమునకును దన సూర్యోదయమును దానికి వేఱుగ వ్రాసియిత్తునని వారు నలుగురియెదుట శపథము చేసి యింటికివచ్చిన పిమ్మట నెన్ని గ్రామములు గలవో తెలిసికొని పడకకుర్చీలో గూలబడిరి.

వారిని లేవనెత్తినది వారి యేకపుత్రిక సౌదామిని. ఈమె విశాఖపట్టణమున గంప్యూటరువిద్య నభ్యసించి కొవ్వూరి కళాశాలయందు బోధించుచు, బాల్యమున దండ్రి యొడిలో గూర్చుండి విన్న గణితశ్లోకముల నన్నింటిని దీఱికవేళల గంప్యూటరునకు దెలియు భాషలో బ్రోగ్రాముగా వ్రాసియుండెను. ఆమె కోరిక యొక్కటే.

"నాన్నగారూ, పంచాంగపు మొదటిపుటలో దమ పేరుక్రింద నా పేరును వేయింపుడు. నే నింకేమియు నడుగను."

ఆ పుటలో దరతరములుగా మగవారి పేర్లేగాని యాడుదాని పేరు పడియెఱుగదు. కూతురిపై సిద్ధాంతిగారికి గల వాత్సల్యము గోదావరియంతయైనను తోడి పంచాంగకర్తలు నవ్వుదురేమో యను జంకును గలదు. ఇట్టి సంకటమున బెద్దలు చేయునదే వారును జేసిరి. అనగా నిర్ణయమును వాయిదా వేసిరి.

"మాఘశుద్ధ పంచమినాడు పుస్తకము అచ్చునకు బోవలెను. అంతకుమున్ను గ్రామములన్నింటి లెక్కయు నెవరి యంత్రమున దెమలునో వారి పేరు వేయింతును. తెమలదేని పాతపద్ధతిని నా పేరొక్కటే, రాజమహేంద్రవరపు సూర్యోదయ మొక్కటే" అని పలికిరి.

ఎవరి యంత్రమున నను మాట చెవినిబడినంతనే వారి తమ్ముని కుమారుడు భార్గవుడు పందెమునకు దుమికెను. ఈతడు చదువు ముగించి యుద్యోగమునకై యెదురుచూచుచు నాలోపల గంప్యూటరుపై యుద్ధక్రీడల నాడుచు బెదతండ్రిగారింటనే వెలయుచున్న హాస్యప్రియుడు.

ఇక నా రెండు యంత్రముల హృదయములను వర్ణింపవలయును. ప్రాసెసరనగా గంప్యూటరునకు బుద్ధిస్థానము. అందు గోరులని చిన్నచిన్న బుద్ధులు గొన్ని యుండి యొక్కొక్కటి యొక్కొక్క లెక్కను జేయుచుండును. భార్గవుని ప్రాసెసరు సామాన్యగృహస్థులు కొనెడి జాతిది. కోరు లెనిమిదియే యైనను ఒక్కొక్కటి మెఱుపువంటిది. మీట నొక్కినంతనే కన్నుదెఱచి పని యేదని యడుగును. ఆ యంత్రపు గాజుకడుపునందు నీలారుణహరితదీపములు తిరునాళ్ల వలె వెలుగుచుండ గనకవల్లమ్మగారు, అనగా సిద్ధాంతిగారి గృహిణి, ప్రతిసాయంకాలమును దానికి నమస్కరించియే వంటయింటికి బోవుచుండిరి. సౌదామిని ప్రాసెసరన్ననో సర్వరుజాతిది. విశాఖపట్టణమున నొక కచేరి మూతపడగా నామె కొనితెచ్చినది. నల్లని యినుపపెట్టె. దీపములు లేవు. కోరు లఱువదినాలుగు, ఒక్కొక్కటియు నిదానపరుడు. ధారణలో నొక్క యంకె తాఱుమాఱైనను దానే కనిపెట్టి దిద్దుకొనును. అంతటి జాగ్రత్తగలది గనుకనే నిద్రలేచినంతనే పనిలోనికి దిగక తన జ్ఞాపకస్థానముల నన్నింటిని మూలమూలలు తడవిచూచుకొని యన్నియు సరిగానున్నవని నమ్మిక గుదిరిన పిమ్మటనే కదలును. దాని పంకాల హోరు పిండిమరను మించుటచే దానిని బెరటివైపు వడ్లగదిలో నుంచిరి.

శుభముహూర్తమున గొబ్బరికాయ గొట్టి రెంటిని నొక్కసారిగా నడపిరి. లెక్కయం దాదిభాగము గ్రహసంచారము. నిన్నటి చంద్రుడెచట నుండెనో తెలిసినగాని నేటి చంద్రుని గనుగొనుట యసాధ్యము. కనుక నది యొకదానివెంట నొకటిగా జేయవలసిన పని. పోపు పెట్టుటకు జురుకైన చేయి యొక్కటి చాలునుగాని యఱువదినలుగురు గరిటెలు పట్టుకొని నిలిచిన నేమి లాభము? భార్గవుని ప్రాసెసరు పూటలోపల సంవత్సరపు గ్రహములన్నింటిని ముగించి కూర్చుండ సర్వరుమహాశయుడు శ్రావణమాసమున నడుగు లీడ్చుచుండెను.

"అక్కా, నీ యేనుగు శ్రావణమేఘములలో జిక్కుకొన్నదా?" అని భార్గవుడు నవ్వెను.

"గ్రామములకు రానిమ్ము తమ్ముడూ, అప్పుడు చూతము" అని సౌదామిని పలికెనేగాని యామె మనస్సు దిగులుపడెను.

గ్రామముల లెక్క వేఱు తీరుది. ఒక యూరి సూర్యోదయముతో మఱియొక యూరికి బనిలేదు. ఇది యరిసెలు వత్తుటవంటిది. ఎన్ని చేతులున్న నంత మేలు. అచ్చట భార్గవుని యెనిమిది కోరులును దమవంతు చేయుచుండగనే వేలకొలది గ్రామములు వెనుక నిలిచి మావంతెప్పుడని చూచుచుండెను. యంత్రము వేడెక్కెను. వేడికి దాళలేక వేగము దగ్గించుకొనెను. భార్గవుడు మేజాపంకాను దెచ్చి దానికి విసరుచు గూర్చుండెను. తూర్పుగోదావరి దాటి విశాఖమండలము జొచ్చునప్పటికి మాఘమాసము ప్రవేశించెను.

సర్వరు విజృంభింపవలసిన తరుణ మిదియే. కాని చిత్రము! సౌదామిని కళాశాలనుండి వచ్చి వడ్లగది తలుపు దీసినపుడెల్ల నా యంత్రము తన జ్ఞాపకస్థానములను దడవుకొనుచునే యుండెను. గ్రామములదాక రానేలేదు; చేతబట్టిన గ్రహముల లెక్కయే సగముచేయబడి వదలివేయబడి యుండెను. ఆమె తీగలు సవరించెను, ప్రోగ్రామునందు బంక్తిపంక్తి పరీక్షించెను, దోషము గానలేదు. చవితి యాదివారము వచ్చెను. మఱునాడే పంచమి. తన పేరు పోయెనని యామె నిశ్చయించుకొని వడ్లబస్తాపై గూర్చుండి కన్నీరు దుడుచుకొనుచుండగా దలుపు కిఱ్ఱుమనెను.

సిద్ధాంతిగారు మడిపంచెతో నడుగులో నడుగు వేయుచు వచ్చి నోటిలో నేదో జపించుచు గోడనున్న మీటను టక్కున గట్టివేసిరి. హోరు చప్పున నాగిపోయెను.

"నాన్నగారూ! ఏమి చేయుచున్నారు?"

సిద్ధాంతిగా రులికిపడిరి. "నీ విచ్చటనున్నావా? వర్జ్యము తల్లీ, వర్జ్యము! మన యింట వర్జ్యమున లెక్క చేయుట గలదా? మా నాన్నగారు కలము దించెడివారు. నేనును దించుదును. నీవు కళాశాలయందుందువు గనుక నీ యంత్రమునకు నియమభంగము గాకుండ వర్జ్యమునకును దుర్ముహూర్తమునకును రాహుకాలమునకును నేనే కట్టి మరల నేనే పెట్టుచున్నాను. భార్గవుని దానిని గూడ గట్టుచున్నాను సుమా! నాకు బక్షపాతము లేదు."

మేజాపంకాతో వచ్చిన భార్గవుడు గుమ్మమున నిలిచి నాలుక గఱచుకొనెను. "నాది కనుఱెప్పపాటున లేచును గనుక నాకు నష్టము తెలియలేదు. నీ కెఱుకయే యనుకొంటి నక్కా! ఇది లేచుటకే పూటపట్టును గదా. లేచులోపల మఱియొక దుర్ముహూర్తము వచ్చిపడుచున్నదన్నమాట!"

సౌదామినికి నవ్వును నేడుపును నొక్కసారిగా వచ్చెను. తండ్రికి గోపము దెప్పించుటకన్న వారి శాస్త్రముననే వారిని బట్టుకొనుట మేలని యెఱిగిన బిడ్డ గనుక నెమ్మదిగా నిట్లనియెను.

"నాన్నగారూ, పెండ్లివంట జరుగుచుండగా రాహుకాలము వచ్చిన బొయ్యి లార్పవలెనా యని యడిగినవారికి దమ రేమందురు?"

"ఆర్పనక్కఱలేదందును. శుభముహూర్తమున నారంభించిన పనికి నడుమవచ్చిన రాహుకాలము..." అని సిద్ధాంతిగారు ధారాళముగా జెప్పుచు జెప్పుచు నోరు తెఱచినది తెఱచినట్లే నిలిచిపోయిరి.

అప్పుడు వంటయింటినుండి కనకవల్లమ్మగారు చేయి తుడుచుకొనుచు వచ్చి "ఇంతకును మామగారు వర్జ్యమున గలము దించుట నియమమునకు గాదండీ. అత్తగారు నస్యము మాన్పించిరి. ఆ వంకను బెరటిలోనికి బోయి రెండుపట్లు పీల్చివచ్చెడివారు. నస్యపుడబ్బాను గోడగూటిలో దాచియుంచినది నేనే" అనిరి.

తమ జీవితకాలమంతయు దండ్రిగారి నస్యమునకు గలము దించిన సిద్ధాంతిగారు గదిలోని పిచ్చుకలు లేచిపోవునంత గట్టిగా నవ్విరి. నవ్వి తామే మీటను నొక్కిరి. వర్జ్యము సాగుచుండగనే నొక్కిరి!

యంత్రము యథాప్రకారముగా మూలలు తడవుకొనుచుండ భార్గవుడు తన యంత్రమున సిద్ధమైన గ్రహసంచారమును దెచ్చి యక్కచేతిలో బెట్టెను. "ఈ భాగమున నాది గెలిచినది. దీని నీ యేనుగునకు మేతవేయుము" అనెను. అటుపిమ్మట నఱువదినాలుగు కోరులును నొక్కపెట్టున లేచి ప్రతియొక్కటియు నొక్కొక్క గ్రామమును భుజమున వేసికొని నడువసాగెను. ఇచ్ఛాపురము మొదలుకొని తడ యను నూరివఱకు నాదిలాబాదు మొదలుకొని యలంపురమువఱకు నూరూరను సూర్యుడు మేల్కొనుచుండెను. దీపములు పెట్టువేళకు లెక్క ముగిసెను. సిద్ధాంతిగారు చేతితో గొన్ని గ్రామములను గుణించిచూచి సరి యనిరి.

"ఇప్పు డెవరి పేరు వేయుదును? ఒకరి యంత్రము సగము, మఱియొకరిది సగము" అని వారు మరల సంకటపడుచుండగా భార్గవుడు పకపక నవ్వెను.

"పెదనాన్నగారూ, నా యంత్రమున నడచిన ప్రోగ్రామెవరిది? అక్కది. ఆ యంత్రమున నడచిన దెవరిది? అక్కది. మనము ప్రాసెసర్లకు బందెము వేసితిమిగాని రెంటికిని లెక్క నేర్పినవారిని మఱచితిమి. నాకు బేరు వలదు. పెద్దమ్మ చేతి బూరెలు చాలును."

సిద్ధాంతిగారు కూతురి తలపై జేయివైచిరి. వారి కన్నులు చెమర్చినవని నేను దాచనేల? జంకినందులకు వారికి సిగ్గయ్యెను, ఆ సిగ్గువెంట గొండంత సంతోషమును గలిగెను.

చైత్రశుద్ధ పాడ్యమినాడు వేపపూతల కమ్మదనము గాలిలో దేలుచుండ గొవ్వూరి జనులెల్లరు పంచాంగశ్రవణమునకు గూడిరి. మన్యపు రైతును వచ్చి ముందువరుసను గూర్చుండెను. సిద్ధాంతిగారు ద్వాదశరాశుల యాదాయవ్యయములను జదివి ముగించి కన్నుగీటి "ఈ యేడు మా యింట మఱి రెండు రాశులు గలవు. గృహస్థు ప్రాసెసరునకు వేగమున రాజపూజ్యము, వేడిమిచే నవమానము. సర్వరు ప్రాసెసరునకు సమష్టిపనుల రాజపూజ్యము, నిద్రలేచుటయం దవమానము. ఒకదాని యవమానమును మఱియొకటి తీర్చును గనుక రెంటికిని శుభమే" అని చదువగా సభ యంతయు గొల్లుమనెను. రైతు తన యూరి సూర్యోదయమును వ్రేలితో బట్టి మరల మరల చదువుకొనుచుండెను.

ఆ నడుమ గడియారమును జూచినవా డెవడో "అయ్యగారూ, వర్జ్యము వచ్చినది" అని జ్ఞాపకము చేసెను. సిద్ధాంతిగారు పుస్తకమును మూయలేదు. మొదటిపుటకు ద్రిప్పి గొంతు సవరించుకొని తమ పేరు చదివి దానిక్రింది పేరును మఱింత బిగ్గఱగా జదివిరి. సౌదామిని తన పేరు మాత్రమే యడిగియుండెను. అచ్చట "సౌదామినీ సిద్ధాంతి" యని యుండెను.