తిరగేసిన కడుపు

డాక్టర్ సీట్స్మా మీద వొబ్బెకున్నంత కక్ష నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఏ ఆవుకూ జోరీగ మీద ఉండదు.

వొబ్బె నలభై ఆవుల రైతు. కొట్టం వెనక గడ్డిపొలం అతని తండ్రి నాటి నుంచీ కౌలుకు మేపుకుంటున్నదే. సొంతదారు పోయాడు, వారసులు వేలానికి పెట్టారు. గురువారం మధ్యాహ్నం కాఫీ హోటల్లో వేలం. పొలం పోతే సగం ఆవుల్ని అమ్ముకోవాల్సిందే.

బుధవారం పొద్దున్నే కడుపులో ఎడమ పక్క కత్తి దిగినట్టయింది. సీట్స్మా దగ్గరికి పరిగెత్తాడు.

"అపెండిక్సేమో డాక్టరుగారూ. మా నాన్నకూ ఇలాగే మెలితిప్పింది."

"అపెండిక్స్ కుడి పక్కనుంటుందయ్యా. ఎడమ పక్కనుండేది గాలి. రాత్రి బఠాణీ సూపు తాగావా?"

"తాగాను."

"మరింకేం! రెండు పారాసిటమాల్ వేసుకో. సోమవారానికి తగ్గకపోతే ఫోన్ చెయ్యి."

తెగిన తల చంకన పెట్టుకెళ్ళినా ఆయన ఇచ్చేది రెండు పారాసిటమాలే. లాటిన్ చదివిన మనిషి కదా అని, బడి మధ్యలో మానేసిన వొబ్బె నమ్మాడు.

అక్కడి వేలంలో ధర పైనుంచి కిందికి దిగుతుంది. మొదట "నాది" అన్నవాడిదే పొలం. తొందరపడితే జేబుకు చిల్లు, ఆలస్యమైతే పొలం గోవిందా. బ్యాంకు వొబ్బెకు ఒప్పుకున్నది లక్షా నలభై వేల యూరోలు.

లక్షా నలభై రెండు. లక్షా నలభై ఒకటి. లక్షా నలభై.

వొబ్బె నోరు తెరిచాడు. లోపల ఏదో పగిలింది. మాట రాలేదు, పొద్దున తాగిన కాఫీ వచ్చింది. అదంతా పక్కింటి డూర్క్ బూట్ల మీద పడింది. డూర్క్ బూట్లు కూడా చూసుకోకుండా "నాది!" అన్నాడు.

ఆస్పత్రిలో కోత కోసిన డాక్టరమ్మ ముఖం పెళ్ళివారి ముఖంలా వెలిగిపోయింది.

"మీకు పుట్టుకతోనే అన్నీ తిరగేసి ఉన్నాయండీ! కాలేయం ఎడమ, అపెండిక్స్ ఎడమ, గుండె కుడి. పదివేల మందిలో ఒక్కరికి!"

"గుండె కూడానా? మరి ఇరవై ఏళ్ళుగా నా ఛాతీ మీద గొట్టం పెట్టి సీట్స్మా ఏం విన్నాడమ్మా, రేడియోనా?"

ఎనిమిది మంది వైద్య విద్యార్థులు వరసగా వచ్చి, నొక్కి చూసి, థ్యాంక్స్ చెప్పి వెళ్ళారు. ఆ వెనకే సీట్స్మా వచ్చాడు, చేతిలో ఏదో కాగితం.

"అదృష్టవంతుడివయ్యా వొబ్బె! అలాంటి కడుపు నా సర్వీసులో చూడలేదు."

"చూడలేదనే కదండీ నా ఏడుపు."

"వైద్య పత్రికలో రాద్దామనుకుంటున్నాను. పేరు వెయ్యనులే. ఇక్కడో సంతకం పెట్టు."

వొబ్బె కలం అందుకున్నాడు.

"పెడతాను. కాలేయం ఎటుందో రాయండి, గుండె ఎటుందో రాయండి. డూర్క్ పాలైన మా గడ్డిపొలం ఎంతో అది కూడా రాయండి: రెండు హెక్టార్లు, పద్నాలుగు వందల అరవై చదరపు మీటర్లు."