చప్పుడైతే పతకం పోతుంది

ఆదివారం రెండింటికి ఐదుగురు పిల్లలు రావాలి. వాళ్లతో ప్రపంచ క్రీడలు! కోరిక పాపదే. కొత్త బళ్లో చేరి మూడు నెలలైనా నోరు విప్పని పిల్ల, హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునే పిల్ల, తనంతట తానే కాగితాల మీద జెండాలు వేసి ఐదుగురికి పంచి వచ్చింది. ఈ ఒక్కరోజు చెడితే మళ్లీ ఎవర్నీ పిలవదని తండ్రికి తెలుసు.

పార్కులో ఆడిద్దామనుకుంటే ఒంటిగంటకే కుండపోత మొదలైంది. మిగిలింది మూడో అంతస్తులోని తమ ఇంటి హాలు. సరిగ్గా దాని కింద రాత్రి బస్సు నడిపే డ్రైవరు పగలు పడుకుంటాడు. "ఇంకోసారి చప్పుడైతే ఓనరుతోనే మాట్లాడతా" అని పోయిన నెల వేలు చూపించి మరీ వెళ్లాడు.

"రావద్దని ఫోన్లు చేసేస్తా అత్తయ్యా" అన్నాడు తండ్రి నీరసంగా.

అత్తగారు ముప్పై ఏళ్లు డ్రిల్ టీచరుగా చేసిన మనిషి. అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. "ఆ ముక్క నీ కూతురి మొహం చూసి చెప్పు, చూద్దాం. ముందు కుర్చీల కాళ్లకు సాక్సులు తొడుగు బాబూ. మిగతాది నాకొదిలెయ్."

అబ్బ, ఏం బుర్రండీ ఆవిడది! వచ్చిన పిల్లల్ని వచ్చినట్టే గుమ్మంలో బూట్లు విప్పించి, ఇద్దరిద్దరిగా బ్రెజిల్, కెన్యా, జపాన్ చేసేసింది. వాలీబాల్‌కు బెలూను, ఫుట్‌బాల్‌కు సాక్సుల ఉండ, మంచు మీద ఆటకు మడిచి జారించే తువ్వాలు.

"ఇవి నిశ్శబ్ద క్రీడలు" అంది గుసగుసగా. "కిక్కురుమంటే పతకం పోతుంది. చప్పట్లు కొట్టాలనిపిస్తే రెండు చేతులూ పైకెత్తి ఊపండి. అంతే."

ఐదు నిమిషాల్లో నీరుగారిపోతుందనుకున్నాడు తండ్రి. గంటన్నర గడిచింది! పిల్లలు నవ్వాపుకోలేక దిండ్లలో మొహాలు దాచుకుంటున్నారు, గోలు పడితే గాలిలో పన్నెండు చేతులు ఊగుతున్నాయి. బళ్లో అల్లరికి పెట్టింది పేరైన గుండుపిల్లాడు కూడా మునివేళ్ల మీద నడుస్తున్నాడు. అత్తగారి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది తండ్రికి.

చివరాట జపాన్‌కూ బ్రెజిల్‌కూ. స్కోరు సమానం. సాక్సుల ఉండ పాప కాలి ముందుకొచ్చింది. తన్నింది. అది కుర్చీ కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది.

"గోఓఓల్!"

ఇల్లు దద్దరిల్లింది. అరిచింది పాపే. అంత గట్టిగా ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో! తండ్రికి కళ్లు చెమర్చాయి. మరుక్షణమే కింద తలుపు తెరుచుకున్న చప్పుడు, మెట్ల మీద అడుగులు.

గుమ్మంలో డ్రైవరు, రేగిన జుట్టు, ఎర్రని కళ్లు. "ఎవరు అరిచింది?"

పాప ముందుకొచ్చింది. "నేనే అంకుల్" అంది.

గుండుపిల్లాడు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "నేను కూడా."

"నేనూ." "నేనూ అరిచా అంకుల్." తక్కినవాళ్లూ ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎంత చక్కటి అబద్ధం! అత్తగారు కూడా, "నేనూ అరిచాను నాయనా" అనేసింది.

డ్రైవరు అందర్నీ లెక్కపెట్టుకుంటున్నట్టు చూసి, ఊపిరి వదిలాడు. "నయం! ఇంతమంది మెట్లెక్కడం విన్నాను. ఆ తర్వాత గంటన్నరగా చడీచప్పుడూ లేదు. ఏం కొంప మునిగిందో అని కన్నంటుకుంటే ఒట్టు! అరుపు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆడుకోండి బాబూ, నేను పోయి పడుకుంటా."

తలుపు మూసుకోగానే అత్తగారు మొహం గంభీరంగా పెట్టి, జపాన్ పతకం రద్దని ప్రకటించింది. పాప జతగాడైన గుండుపిల్లాడికి పతకం గొడవే పట్టలేదు. పాప వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నీకింత గొంతుందా? మరి బళ్లో ఎందుకే మాట్లాడవు?"

అదెందుకో పాప చెప్పడం మొదలుపెట్టింది. వచ్చిన పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలు తీసుకెళ్లడానికి వచ్చేదాకా ఆపలేదు.