కాళ్ల గుంజుడు

చీకటితో లేచి ఎడ్లకు గడ్డి వేయాలి. బావిలో నీళ్లు చేదాలి. జొన్నరొట్టె సగమే తినాలి. కాళ్లకు నువ్వులనూనె పట్టించాలి. తొడలు, పిక్కలు బాగా గుంజించుకోవాలి. ఆ సంగతి సాయిలుకు తెలియనివ్వకూడదు. పందెం నాటి పొద్దున మా నాయిన ఎల్లేశం పెట్టుకున్న పనులివి.

అది పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. కోకాపేట నుంచి బోరబండ దాకా టపా సంచి మోసుకొని ఉరికే కొలువు ఖాళీ అయింది. ఎవరు ముందు బోరబండ చేరితే వారికే. నెల జీతం వచ్చే కొలువు మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ చేయలేదు. పోటీ మా నాయినకూ, మా అమ్మ కిష్టమ్మ తమ్ముడు సాయిలుకూ.

సాయిలు మామ గొర్లు కాసేవాడు. "మా తమ్ముడు ఉరుకుతుంటే దుమ్ము గూడ లేవదు" అని అమ్మ మురిసిపోయేది. ఆ మాట వినబడితే నాయిన తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేవాడు. తన గురించి ఆమె అట్లా ఎన్నడూ అనలేదు.

నాయిన ధైర్యమంతా కుస్తీ నేర్పే తాలీం. అక్కడ కుస్తీకి దిగే ముందు ఒకరి కాళ్లు ఒకరు చాలాసేపు సాగదీసి గుంజి పట్టుకోవడం ఆనవాయితీ. బలం ఆ గుంజుడులోనే ఉందని ఆయన నమ్మకం.

ఆ పొద్దున తాలీం జోడీ మొగిలి ఆయన కాళ్లు గుంజుతుండగా సాయిలు రానే వచ్చాడు.

"ఏంది బావా, గొర్రెను పండబెట్టినట్టు గిట్ల పండబెట్టిండు?"

"నీకెందుకుర బామ్మర్ది?"

"నాక్కూడ జర గుంజరాదే."

"తాలీం మట్టి తొక్కనోనికి గుంజరు. పో, గొర్లు కాసుకో."

"ఇగ నీ ఇష్టం." సాయిలు నవ్వి, పొలం గట్టు మీద నింపాదిగా కాసేపు అటూ ఇటూ ఉరికాడు.

"చూసినవా మొగిలీ, ఉత్తగ దమ్ము పారేసుకుంటుండు" అన్నాడు నాయిన.

పందెంలో మొదట ఇద్దరూ పక్కపక్కనే ఉరికారు. కొండాపూర్ దాటి రాతి గుండ్ల ఎత్తు మొదలవగానే నాయిన పిక్కల్లో పట్టు తప్పింది. నొప్పి లేదు. కానీ నేలను ఎంత తన్నినా ఒళ్లు ముందుకు లేవలేదు. కాళ్లు నానిన తాడులా వదులైపోయాయి. ముందున్న సాయిలు వీపు చిన్నదవుతుంటే పళ్లు కొరికాడు.

బోరబండలో సంచి సాయిలు భుజానికెక్కింది. వెనక చేరిన నాయినను చూసి మామ అందరి ముందూ అన్నాడు:

"బావా, నన్ను గుంజకుంట బతికిస్తివి. మొగిలి నీ దమ్మంత గుంజుకున్నడు."

అందరూ నవ్వారు. దాచుకున్నదే తనను ముంచిందని నాయినకు అక్కడే తెలిసింది. ఇంటికొచ్చి, "అడిగినప్పుడు వాని కాళ్లు గూడ గుంజి ఉండాల్సింది" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

తర్వాత పరుగు పందేలకు పోయేవాళ్లు ఎవరు అడిగినా, "గుంజుకోకుర్రి, జర మెల్లగ ఉరికి ఒళ్లు వెచ్చ చేసుకోర్రి" అని చెప్పేవాడు. సాయిలు పేరెత్తితే మాత్రం లేచి అవతలికి నడిచేవాడు. మా వంశంలో మొదటి బి.ఏ. నేనే. పాసైనట్టు వచ్చిన కార్డు మామే తెచ్చాడు. నాయిన చెయ్యి చాపలేదు, అమ్మను పిలిచాడు.

ఈ దారిన టపా సాయిలు పేరు ఇప్పటికీ చెప్తారు. రెండోవాడు ఎవరని ఎవరూ అడగరు. ఎల్లేశం. ఆ పేరు కూడా జర గుర్తు పెట్టుకోండి.