గుమ్మం పక్క చీపురు

మా సరుకు ఓడ నూనె మానేసి మిథనాల్‌తో నడవడం మొదలుపెట్టాక, ఇంజిన్‌ గది గుమ్మం పక్కన పొడుగాటి చీపురొకటి పెట్టారు. మిథనాల్ మంట వెలుతురులో కనబడదు, పొగా రాదు. చీపురు ముందుకు చాచి నడిస్తే, మంట ఉన్నచోట అదే ముందు అంటుకుంటుంది.

"ఇరవయ్యేళ్ళ సర్వీసు ఊడవడానికా, బావా?" అని నాతోపాటే ఇంజిన్‌ గదిలో పనిచేసే మా బావమరిది నవ్వాడు. నేనూ నవ్వాను.

ఒకరోజు లోపల అలారం మోగింది. వాడు గుమ్మంలో ఆగి నావైపు చూశాడు.

"పొగేం లేదుగా, వెళ్ళరా," అన్నాను, పాత అలవాటుగా.

నాలుగడుగులు వేశాడు. వాడు మాకు దక్కలేదు.

"తమ్ముడు ఆ చీపురెందుకు తీసుకోలేదండీ?" అని నా భార్య ఇప్పటికీ అడుగుతుంది.

"మర్చిపోయాడే."

"వాడికి చిన్నప్పట్నుంచీ మతిమరుపే," అని వాడి ఫోటో మీద కోప్పడుతుంది. నేను తల వంచుకుని వింటాను.