మన గట్టున పసుపే

మా కళాశాలలో కలప ఇంజనీరింగ్ ఆచార్య పదవి రెండేళ్లు ఖాళీగా ఉంది. ఆ రెండేళ్లూ శాఖను నడిపింది పనిశాల మేస్త్రీనైన నేను. పట్టా లేదు కాబట్టి ఆ మాట ఎవరూ పైకి అనరు. ఆస్ట్రియా కొండల్లోని మా టిరోల్‌లో పేరు ముందు బిరుదు లేనివాడికి సూప్ కూడా ఆఖరునే వడ్డిస్తారు.

ఫిబ్రవరిలో ఇద్దరు అభ్యర్థులను పరీక్షా ఉపన్యాసానికి పిలిచారు. ఆ పొద్దునే వాతావరణ హెచ్చరిక వచ్చింది: మూడు రోజులుగా పేరుకున్న మంచు మీద వాన పడబోతోంది, తడిసి బరువెక్కుతుంది, పైకప్పులు జాగ్రత్త. పటంలో ఏటికి అవతలి జిల్లా నారింజ రంగు, అంటే పెద్ద ప్రమాదం; ఇవతల మాది పసుపు, అంటే కాస్త చూసుకోమని. మా సభామందిరం సరిగ్గా ఏటి గట్టునే ఉంది.

పటం పట్టుకుని ఎంపిక సంఘం అధ్యక్షుడు హోఫ్రాట్ ఎగాన్ దగ్గరికి వెళ్లాను. హోఫ్రాట్ అన్నది బిరుదు. అది లేకుండా పిలిస్తే ఆయనకు వినపడదు.

"హోఫ్రాట్ గారూ, కప్పు మీద మంచు దింపాలండీ. ఉపన్యాసాలు రేపు పెట్టుకుందాం."

"నారింజ అవతలి గట్టునయ్యా. మన గట్టున పసుపే."

"వానకి జిల్లాలు తెలీవండీ."

"నీకు తెలిసిన పని చూడు మేస్త్రీ. కాఫీ వేడిగా ఉందో లేదో కనుక్కో."

చెవిటివాడి ముందు శంఖం ఊది వచ్చాను.

మొదట డాక్టర్ రైన్‌హోల్డ్ మాట్లాడాడు. విషయం, చెక్క కప్పుల మీద మంచు బరువు. మధ్యలో దూలం కిర్రుమంది. "పాత భవనాల్లో ఇవి మామూలే," అన్నాడు. సంఘమంతా నవ్వింది. ఇనుము చెప్పకుండా విరుగుతుంది, చెక్క చెప్పి విరుగుతుంది. మంచు బరువు మీద గంట మాట్లాడినవాడు ఒక్కసారి తలెత్తి పైకి చూడలేదు. గాడిదకేం తెలుసు గంధపు చెక్క వాసన!

తర్వాత నోట్‌బుర్గా థాలర్ వచ్చింది. పదకొండేళ్లుగా ఏడాదికో ఒప్పందం మీద పాఠాలు చెబుతున్న మనిషి. ఇక పొడిగించరట. ఈ పదవి రాకపోతే పాఠాలు చెప్పే పని మానుకోవలసిందే. ఆమె నోరు తెరిచిందో లేదో దూలం మళ్లీ కిర్రుమంది. ఆమె ఆగింది. గోడ పక్కన బల్ల ఎక్కి, దూలం బీటలో తన పేరున్న కార్డు దోపింది. కార్డు సగం దాకా దూరిపోయింది.

"మేస్త్రీ గారూ, పొద్దున ఈ బీట ఇంత ఉందా?"

"లేదండీ. గోరు కూడా పట్టేది కాదు."

"అయితే అందరూ బయటికి నడవండి. పారలెక్కడున్నాయి?"

హోఫ్రాట్ గడియారం చూసుకున్నాడు. "మీకింకా యాభై నిమిషాలున్నాయి. వెళ్లిపోతే ఉపన్యాసం ఇవ్వలేదని రాసుకుంటాం."

"రాసుకోండి. ఆ రాసేదేదో బయట కూర్చుని రాసుకోండి."

గొణుక్కుంటూ క్యాంటీన్‌కు పోయారు. ఆమె, నేను, పనిశాలవాళ్లు మరో నలుగురు నడుముకు తాళ్లు కట్టుకుని కప్పెక్కాం. "రెండు వైపులా సమంగా తీయండి, ఒక పక్కే తేలికైతే ఒరుగుతుంది," అని ఆమె చెబుతూనే ఉంది. మంచి బూట్లు పాడైపోయాయి. వాన మొదలయ్యేసరికి సగం దింపాం, చీకటి పడేసరికి మిగతాది. ఆ సాయంత్రం అవతలి గట్టున రెండు పశువుల కొట్టాలు కూలాయి. మా కప్పు నిలిచింది.

సంఘం తీర్పు వారానికి వచ్చింది. కప్పు కూలలేదు కాబట్టి ప్రమాదమే లేదట. థాలర్ ఉపన్యాసం ఇవ్వలేదట. పదవి రైన్‌హోల్డ్‌కు ఇచ్చారు. ఆ కాగితం చదివి నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె పక్క లోయలో ఒక వడ్రంగి సంస్థలో చేరింది.

కొత్త ఆచార్యుడి మొదటి ఆజ్ఞ ఏమిటంటే, దూలాల చప్పుడు పాఠాలకు అడ్డమట, కప్పు కింద దూది పలకలు కొట్టించాలట. బీటకు బోల్టులు నేనే బిగించి, ఆ తర్వాత కొట్టించాను.

మరుసటి జనవరిలో మళ్లీ హెచ్చరిక. మళ్లీ మా గట్టున పసుపే. మధ్యాహ్నం రైన్‌హోల్డ్ పనిశాలకు పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేస్త్రీ, కప్పు ఏమన్నా అంటోందా?"

"ఏం వినపడుతుందండీ? దాని నోట్లో దూది కుక్కించింది మీరే కదా."

పార చేతికిచ్చాను. తలకిందులుగా పట్టుకున్నాడు.