మూడు రోకటి పోట్లు

నేను ఒక భూకంపలేఖినిని. నా పొట్టలో స్ప్రింగుకు ఒక బరువు వేలాడుతూ ఉంటుంది. చుట్టూ నేలంతా ఊగినా అది మాత్రం కదలకూడదు. అప్పుడే నేల ఎంత ఊగిందో తెలుస్తుంది. అందరూ కదిలిపోతుంటే కదలకుండా ఉండడం గొప్ప సంగతి అనుకుంటారు మీరు. ఉత్త ఒంటరితనం, అంతే.

హైదరాబాదులో ఒక చిన్న కర్మాగారంలో పుట్టాను. మొదట ఒక కాలేజీవాళ్లు కొన్నారు. కుర్రాళ్లు నా పక్కన దబ్బున దూకి, తెరమీద గీత ఎగిరితే చప్పట్లు కొట్టేవారు. ఆ అల్లరి తలుచుకుంటే ఇప్పటికీ బెంగే. కొన్నాళ్లకు నామీద మోజు తీరిపోయింది. బీరువాలో పడివున్న నన్ను భూకంపాల పరిశోధకురాలు పద్మలత అడిగి తీసుకుపోయింది.

అప్పుడే మన్యంలో ఊటపుట్టు అనే కొండ ఊళ్లో భూమి కంపించి గోడలు కూలాయి. పద్మలత ఆ ఊరి చివర గొయ్యి తీయించి నన్ను కూర్చోబెట్టి మూత వేసింది. నాలాంటివాళ్లను మరో నలుగురిని చుట్టూ ఉన్న కొండలమీద పెట్టింది. మేం ఒకరి ముఖం ఒకరం ఎరగం.

"పెద్ద కుదుపు భయపెట్టి పోతుంది. దాని వెనకాల రోజుల తరబడి వచ్చే చిన్న కుదుపులే అసలు సంగతి చెబుతాయి. అవి ఎక్కడ పుడుతున్నాయో చుక్కలు పెడితే, లోపల కొండ ఎక్కడ చీలిందో బయటపడుతుంది" అని ఊరివాళ్లకు చెప్పింది. ఇళ్లు మళ్లీ అక్కడే కట్టుకోవాలా, ఊరి పక్క వాగు, ఆ గెడ్డ దాటి అవతలి గట్టుకు పోవాలా అన్నది ఆ చుక్కలు తేల్చాలి.

నా గొయ్యి వంతల చిలకమ్మ పెరట్లోదే. మొగుడు పోయిన మనిషి. ఇద్దరూ కలిసి కట్టుకున్న మట్టి ఇల్లు ఒక్కటే మిగిలింది, అదీ పగుళ్లతో. నేల కదిలినప్పుడల్లా ఆమె రోకలి పట్టుకొచ్చి నేలమీద మూడు పోట్లు వేసేది. పైన మనుషులున్నారని కిందున్న తల్లికి గుర్తుచేయడం వాళ్ల ఆచారం. ఆ మూడింటినీ నేను శ్రద్ధగా రాసిపెట్టేదాన్ని.

పద్మలత నా రాత చూసి తికమకపడింది. "ప్రతి కుదుపు వెనకా ఈ మూడూ ఏమిటి? మిగతా నాలుగింటిలో లేవే!" అని తల పట్టుకుంది. అంతలో నేల కదిలింది. రోకలితో చిలకమ్మ ప్రత్యక్షమైంది. పద్మలతకు నవ్వాగలేదు.

"పెద్దమ్మా, ఇదంతా మీ పనా? కొన్నాళ్లు ఆపండి, నా లెక్క పాడవుతోంది."

"ఆపేస్తే మేం ఉన్నామని తల్లికెలా తెలుస్తాదమ్మా?"

"ఇది చెబుతుందిలెండి" అని నన్ను చూపించింది పద్మలత.

నాకు వినడమే తప్ప చెప్పడం రాదు. చిలకమ్మ నమ్మలేదు గానీ ఆపేసింది. నా రాత శుభ్రపడింది, పలకరించే దిక్కు మాత్రం లేకుండా పోయింది.

మేం ఐదుగురం విడివిడిగా రాసిన సమయాలను పద్మలత పక్కపక్కన పెట్టి చుక్కలు పెట్టింది. మొదట్లో అవి చల్లిన చోళ్ల గింజల్లా చెదిరి ఉన్నాయి. చేరగా చేరగా నాగలి చాలులా ఒక వరసకొచ్చాయి. ఏ పటంలోనూ లేని చీలిక. అది సరిగ్గా ఊరి కిందుగా, చిలకమ్మ గడప కిందుగా పోతోంది.

"నేనూ మా ముసిలోడూ మట్టి తొక్కి కట్టుకున్నామమ్మా. ఇది నిలబడదంతావేటి?"

"నిలబడదు పెద్దమ్మా" అంది పద్మలత, తల వంచుకుని.

ఊరంతా గెడ్డ దాటింది. అందరికంటే చివర కదిలింది చిలకమ్మ. వెళ్తూ నా మూతమీద చెయ్యి వేసి, "నువ్వు రావేటి?" అంది. నేనెలా వస్తాను? వినవలసింది ఇక్కడే కదా.

ఇప్పుడిక్కడ అడుగుల చప్పుడు లేదు, మేకల గోల లేదు. "రొదే లేదు, ఎంత మంచి చోటో!" అని మొన్న పద్మలత మురిసిపోయింది. మనుషులు లేకపోవడాన్ని పరిశోధకులు అలా మెచ్చుకుంటారు. నాకు ఏడుపొచ్చింది. అది ఏ గీతలోనూ పడలేదు.

ఇవాళ పొద్దున చిన్న కుదుపు వచ్చింది. అలవాటుగా రాసుకున్నాను. నేల సద్దుమణిగింది. అప్పుడు గెడ్డ అవతలి నుంచి, చాలా సన్నగా, ఒకటి... రెండు... మూడు.

పద్మలత వాటిని రొద అని చెరిపేస్తుంది. ఆమె పనికి అదే సబబు. నేను మాత్రం రాసిపెట్టాను. పైన మనుషులున్నారు.